బొడ్డు దగ్గర టేపు



పోయిన ఉత్తరంలో నడక గురించి రాశాక చాలా జాబులొచ్చాయి. అందులో ఒకటి మాత్రం పక్కకు తీసిపెట్టుకున్నాను. టెక్సాస్‌లో ఉంటున్న ఒక తల్లి రాశారు. పంతొమ్మిదేళ్ల కొడుకు అమెరికా సైన్యంలో చేరతానంటున్నాడట. రాత పరీక్ష అయింది, కాగితాలన్నీ సరిపోయాయి, తీరా ఒంట్లో కొవ్వు శాతం దగ్గర ఆపేశారట. ‘‘మావాడు అంత లావేం కాదండీ. ఇప్పుడు అన్నం మానేసి, చెమట పట్టే ప్లాస్టిక్ సూటు తొడుక్కుని పరుగెడుతున్నాడు. నాకు భయంగా ఉంది’’ అన్నారు.

ఆవిడ భయం న్యాయమైనదే. దానికి జవాబు చెప్పాలంటే ముందు అక్కడ కొవ్వు కొలిచే టేపు సంగతి చెప్పాలి.

మన దగ్గర సైనిక ర్యాలీలకు వెళ్లే కుర్రాళ్ల బెంగ వేరు. 1.6 కిలోమీటర్ల పరుగు, ఊపిరి పీలిస్తే ఛాతీ 5 సెంటీమీటర్లు పెరగడం, ఎత్తుకు తగ్గ బరువు. ఆ బరువు చాలదేమోనని అరటిపళ్లు తిని వెళ్లేవాళ్లూ ఉంటారు. అమెరికాలో తంతు తిరగబడింది. అక్కడ ఆమధ్య సైన్యానికి కుర్రాళ్లు దొరకడమే కష్టమైంది. 2022లో ఆర్మీ అరవై వేల మందిని చేర్చుకోవాలనుకుని దాదాపు పదిహేను వేల మంది తక్కువతో ఆగిపోయింది. సడలింపులేవీ ఇవ్వకపోతే ఆ దేశపు యువతలో 77 శాతం మంది సైన్యానికి పనికిరారని వాళ్ల రక్షణ శాఖే లెక్క తేల్చింది. చదువు, మత్తు పదార్థాలు, ఆరోగ్యం ఇలా కారణాలు చాలానే ఉన్నా, విడిగా చూస్తే అన్నిటికంటే పెద్దది అధిక బరువే.

ఇక కొలత. 2023 నాటి నిబంధనల్లో ఎత్తుకు ఇంత బరువని ముందో పట్టిక ఉండేది. అందులో ఇమిడితే టేపు దగ్గరికి పోనక్కర్లేకపోయేది. బరువు దాటితేనే కొలిచేవారు. ఆర్మీలో ఉన్న మగవాళ్లకు పరిమితి 17 నుంచి 20 ఏళ్ల వయసులో 20 శాతం, 40 నిండాక 26. ఆడవాళ్లకు 30తో మొదలై 36 దాకా. కొత్తగా చేరేవాళ్లకు కాస్త వెసులుబాటు ఇచ్చేవారు.

ఈ పట్టికలను నమ్మలేమని ఆ సైన్యంలోని వైద్యులకు ఎప్పుడో తెలుసు. నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకే 1942లో 25 మంది వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్లను (కాలితో తన్నేది కాదు, ఒకరినొకరు కుమ్ముకునే అమెరికన్ ఆట) నీళ్లలో ముంచి తూచాడు. కొవ్వు నీటికంటే తేలిక, కండ బరువు. కాబట్టి నీళ్లలో ఎంత తూగాడన్న దాన్నిబట్టి మనిషిలో కొవ్వెంతో చెప్పొచ్చు. ఆ పాతిక మందిలో 17 మంది ఎత్తు-బరువు పట్టిక ప్రకారం సైన్యానికి పనికిరారు. తీరా చూస్తే వాళ్లలో చాలామందిది కొవ్వు కాదు, కండ!

కానీ ప్రతి స్థావరంలోనూ నీళ్లతొట్టి పెట్టి మనుషుల్ని ముంచలేరు కదా. అందుకని 1980ల్లో నౌకాదళ పరిశోధకులే దర్జీ టేపుతో సరిపెట్టే సూత్రం తయారుచేశారు. మగవాడికి బొడ్డు దగ్గర చుట్టుకొలత, అందులోంచి మెడ చుట్టుకొలత తీసేయడం, ఎత్తును కూడా లెక్కలోకి తీసుకోవడం. ఈ లెక్కలో ఒక తమాషా ఉంది. మెడ ఒక అంగుళం లావైతే కొవ్వు దాదాపు రెండు శాతం తగ్గినట్టు వస్తుంది. ఇంకేముంది, పొట్ట తగ్గించడం చేతకానివాళ్లు మెడ పెంచే కసరత్తులు మొదలుపెట్టారు. మనిషి బుర్ర ఏ దేశంలోనైనా ఒకటే.

2023లో ఆర్మీ మెడ కొలత మానేసి బొడ్డు దగ్గర చుట్టుకొలత, బరువు, ఈ రెంటితోనే లెక్క కట్టే పద్ధతి తెచ్చింది. టెక్సాస్ అమ్మగారి అబ్బాయికి నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. మగవాళ్ల సూత్రంలో ఒంటి బరువును తీసివేస్తారు, నడుం కొలతను కలుపుతారు. 190 పౌండ్ల బరువు, 36 అంగుళాల నడుం ఉన్న కుర్రాడికి దాదాపు 22 శాతం వస్తుంది. వాడు నీళ్లు మానేసి, చెమటోడ్చి పది పౌండ్లు తగ్గి, నడుం మాత్రం అదే 36 దగ్గర ఉండిపోతే? కొవ్వు శాతం 23 అవుతుంది! అంత కష్టపడి ఒక శాతం పెంచుకున్నాడన్నమాట. బరువెంత ఉన్నా నడుం ఒక్క అంగుళం తగ్గితే రెండు శాతం దిగుతుంది. అందుకే ఆ ప్లాస్టిక్ సూటు దండగ. దండగే కాదు, ఎండాకాలం టెక్సాస్‌లో అది ప్రాణాల మీదికి కూడా తెస్తుంది. పట్టికలో కొద్దిపాటి తేడాతో ఇరుక్కున్నవాడికి తప్ప ఒంట్లో నీళ్లు పిండుకోవడం వల్ల ఎవరికీ ఒరిగేదేం లేదు.

‘అంత లావేం కాదు’ అన్న మాట కూడా తోసిపారేసేది కాదు. మన ఒళ్లు కొంచెం టక్కరిది. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పూణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. లండనాయన ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన పూణె ఆయన ఒంట్లో 21.2! సన్నటి చేతులు, సన్నటి కాళ్లు, చొక్కా కింద చిన్న బొజ్జ. మన ఇళ్లలో ప్రతి పెళ్లి ఫొటోలో కనిపించే మనిషే. మన తిండిలో అన్నం వాటా ఎక్కువ, పప్పూ గుడ్డూ తక్కువ, బరువులెత్తే అలవాటు అసలే లేదు. కొంత పుట్టుకతోనూ వస్తుంది. అలాంటివాడు ఆ బరువు పట్టికలో హాయిగా ఇమిడిపోయేవాడు, టేపు వాణ్ని ముట్టనైనా ముట్టేది కాదు. అదే మనవాడు కాస్త బరువు దాటి టేపు దగ్గరికి వెళ్లాడా, పొట్ట దగ్గరే దొరికిపోయేవాడు.

మరి దారేంటి? 2022 ఆగస్టులో సౌత్ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్‌లో ఆర్మీ ఒక ముందస్తు శిక్షణ మొదలుపెట్టింది. కొవ్వు శాతం కొద్దిగా దాటినవాళ్లను వెనక్కి పంపకుండా తీసుకుని, 90 రోజుల దాకా తిండి, కసరత్తు, నిద్ర అన్నీ ఒక పద్ధతిలో పెట్టి, కొలత కుదిరాక అసలు శిక్షణకు పంపుతారు. రాత పరీక్షలో మార్కులు తగ్గినవాళ్లకు మరో విభాగం ఉంది. 2024 నాటికి ఆర్మీలో చేరినవాళ్లలో దాదాపు నాలుగో వంతు ఈ దారినే వచ్చారు. నౌకాదళం కూడా ఇలాంటిదే పెట్టుకుంది. ప్రమాణం దించేశారని విమర్శించేవాళ్లు ఉన్నారు. నాకు అలా అనిపించదు. గీత అక్కడే ఉంది, గీత దాకా రావడానికి గడువిచ్చారు, అంతే. వెయ్యి రూపాయలు తక్కువైతే సీటు లేదనే కాలేజీల మధ్య పెరిగిన నాకు ఇదే మర్యాదగా తోస్తుంది.

కాబట్టి అమ్మా, ముందు మీ అబ్బాయిని రిక్రూటర్‌తో మాట్లాడి, ఆ శిక్షణకు అర్హత ఉందేమో అడగమనండి. కొలత పద్ధతులు ఈ మధ్య తరచూ మారుతున్నాయి, ఇవాళ్టికి ఏది అమల్లో ఉందో కూడా అక్కడే తెలుస్తుంది. ఇంట్లో తూకం మిషన్ కంటే టేపును ఎక్కువ నమ్మమనండి. పొద్దున్నే, బొడ్డు మీదుగా, పొట్ట బిగపట్టకుండా, వారానికొకసారి కొలుచుకుంటే చాలు. అన్నం పూర్తిగా మాన్పించొద్దు, పళ్లెంలో సగానికి తగ్గించి ఆ చోటు పప్పుకో కోడిగుడ్డుకో కూరకో ఇవ్వండి. కూల్‌డ్రింకులు మాత్రం ఇంటి గడప తొక్కనివ్వకండి. నెమ్మదిగా పరుగు, దానికి తోడు వారంలో రెండు మూడు రోజులు బరువులు. వారానికి అరకిలో తగ్గితే అదే పదివేలు. నిద్ర సంగతి అమ్మ చెబితే వినడు, వాళ్ల సార్జెంటు చెబితే వింటాడు లెండి.

మీ ఇళ్లల్లో పిల్లలెవరైనా అమెరికా సైన్యంలో ఉంటే, ఈ కొలతల గండం వాళ్లెలా గట్టెక్కారో రాయండి. వచ్చినవాటిలో పనికొచ్చేవి వచ్చే ఉత్తరంలో పంచుకుందాం. మెడ కసరత్తుల వాళ్లు కూడా రాయొచ్చు, పేరు వేయనులెండి.

ఉంటాను మరి.