పాత డిజిటల్ కెమెరా కొనే ముందు

ఈసారి పాత కెమెరాల గురించి రాస్తున్నాను.

మా తాతయ్య కెమెరా కింద పడి విరిగిపోయింది. దాని కార్డు మాత్రం మా దగ్గర ఉంది. అందులో 2005లో కాకినాడలో తీసిన ఫొటోలు ఉన్నాయి. ఇంకొన్ని ఫొటోలకు చోటు కూడా ఉంది. తాతయ్య ఇప్పుడు లేరు. జూలైలో అమ్మమ్మ రెడింగ్‌లోని మా ఇంటికి వస్తోంది. ఆ కార్డులో తర్వాతి ఫొటో అమ్మమ్మది కావాలి. అందుకే ప్రతి ఆదివారం ఇక్కడి పాత సామాన్ల సంతలో వెతుకుతున్నాను.

ముందు కార్డు సంగతి. తాతయ్యది ఎక్స్‌డీ కార్డు. ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ కంపెనీలు దాన్ని 2002లో తెచ్చాయి. సోనీ పాత కెమెరాలకు మెమరీ స్టిక్ కావాలి. ఎస్‌డీ కార్డు పట్టేవి సులువు. కానీ 2006కి ముందు వచ్చినవి చాలావరకు 2 జీబీ దాటిన కార్డులను గుర్తుపట్టవు.

తర్వాత బ్యాటరీ మూత తెరవండి. లోపల తెల్లగానో పచ్చగానో పొడి ఉంటే బ్యాటరీ కారిందని అర్థం. ఏఏ బ్యాటరీలతో నడిచేది మేలు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. నేను నాలుగు ఛార్జ్ చేసి జేబులో పెట్టుకుని వెళ్తాను. "బాగానే పనిచేస్తుంది, బ్యాటరీ లేదంతే" అంటే అక్కడే వేసి చూడొచ్చు.

ఆన్ చేసినప్పుడు లెన్స్ గరగరలాడకుండా బయటికి రావాలి. టార్చి వేసి లెన్స్ లోపల చూడండి. ఒకదానిలో సన్నని దారాల్లాంటివి కనిపించాయి. ఫొటో పంపితే అమ్మ, "బూజు పట్టిందిరా, వద్దు" అంది. నాకు ఇంటి మూలల్లో ఉండే బూజే తెలుసు. పచ్చడి మీద వచ్చేదీ, లెన్స్‌లో వచ్చేదీ కూడా బూజేనట!

ఆఖరున తెల్లగోడను ఒక ఫొటో తీయండి. దాన్ని పెద్దది చేసి చూడండి. గీతలు, ఊదారంగు కనిపిస్తే సెన్సార్ పాడైనట్టే. ఆ కాలపు కొన్ని సెన్సార్లు వేడికి, తేమకి పాడయ్యేవి. ఫ్లాష్ కూడా వెలిగించి చూడండి.

తాతయ్య కార్డును నేను సంతకు తీసుకెళ్ళను. పరీక్షకు వేరే ఎక్స్‌డీ కార్డు కొన్నాను. తాతయ్య ఫొటోలన్నీ ముందే కార్డ్ రీడర్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించాను. తెలియని కెమెరా "ఫార్మాట్ చేయాలా?" అని అడిగితే, ఎవరో ఒకరు సరే అని నొక్కేస్తారు కదా.

ఇప్పటికి నాలుగు చూశాను. రెండింటిలో బూజు, ఒకదానిలో ఫ్లాష్ లేదు, ఒకదాని బ్యాటరీ కారింది. అమ్మమ్మ వచ్చేలోగా ఇంకా ఆరు ఆదివారాలు ఉన్నాయి.

మీ సొరుగులో పాత కెమెరా ఉంటే, దాని బ్యాటరీలు ఈరోజే బయటికి తీసి పెట్టండి.