కునుకు లెక్కలు

మన కాలేజీల్లో డాక్యుమెంటేషన్ అంటే ఏమిటో అందరికీ తెలుసు. సబ్మిషన్‌కి వారం ముందు మొదలుపెట్టేది. సీనియర్ల ఫైల్ తెచ్చుకుని పేర్లు మార్చి, సర్టిఫికెట్ పేజీ, అక్నాలెడ్జ్‌మెంట్ పేజీ కలిపి, జెరాక్స్ షాపులో బైండింగ్ చేయించేది. సంతకాలు అయ్యాక దాన్ని మళ్ళీ ఎవరూ తెరవరు. అందుకే టీమ్‌లో కోడ్ ఎవరు రాయాలన్న దగ్గర పోటీ ఉంటుంది గానీ, డాక్యుమెంటేషన్ దగ్గర ఉండదు. లిటరరీ క్లబ్‌లో ఉన్న పాపానికి, "నీకు రాయడం వచ్చు కదా, అది నువ్వు చూస్కో" అని ఆ పని నాకు అంటగట్టారు.

మా మినీ ప్రాజెక్ట్ చిన్నదే. లినక్స్ వేసిన ల్యాప్‌టాప్ ఏ పనీ చేయకుండా కూర్చున్నప్పుడు లోపల ప్రాసెసర్ ఏం చేస్తోందో చూడటం. నిజంగా ఖాళీగా ఉంటే బ్యాటరీ అంత తొందరగా దిగకూడదు కదా. మరి దిగుతోంది. ఎందుకు?

ఇది చూడటానికి కెర్నల్‌లోనే ఏర్పాటు ఉంది. కోడ్‌లో ముఖ్యమైన చోట్ల ట్రేస్‌పాయింట్లు అని పెట్టి ఉంచారు. మామూలుగా అవి ఆఫ్‌లో ఉంటాయి, ఉన్నట్టు కూడా తెలియదు. ట్రేసింగ్ ఫోల్డర్‌లో ఈవెంట్స్, అందులో పవర్, అందులో కావలసిన ఈవెంట్ తెరిచి, 'ఎనేబుల్' అనే ఫైల్‌లో 1 అని రాస్తే చాలు. అప్పటి నుంచి ఆ సంఘటన జరిగిన ప్రతిసారీ టైమ్‌తో సహా ఒక ఎంట్రీ మెమరీలో పడుతుంది. ఏ ఈవెంట్‌కి అర్థం ఏమిటో చెప్పడానికి కెర్నల్ సోర్స్‌తో పాటే 'ఈవెంట్స్ పవర్' అని ఒక పేజీ వస్తుంది. చాలా చిన్న పేజీ. మన రికార్డ్ బుక్‌లో ఒక ఎక్స్‌పెరిమెంట్ కంటే తక్కువే.

అందులో మూడు రకాల విషయాలుంటాయి. ఒకటి, పవర్ స్టేట్ మారడం: సిస్టమ్ మొత్తం సస్పెండ్ అవడం, ఒక్కో కోర్ ఐడిల్‌లోకి వెళ్ళడం, ఫ్రీక్వెన్సీ పెరగడం తగ్గడం. రెండు, క్లాక్‌లు. మూడు, పవర్ డొమైన్లు. వీటన్నిటి మధ్యలో ఒక వింత సంఖ్య ఉంది: 4294967295. ఐడిల్ ఈవెంట్‌లో స్టేట్ అన్న చోట ఇది కనిపిస్తే, ఆ కోర్ ఐడిల్ నుంచి బయటికి వచ్చిందని అర్థం. అసలు రాసింది మైనస్ 1. గుర్తు లేని 32 బిట్ల సంఖ్యగా చదివితే అది ఇలా కనిపిస్తుంది. ఈ లైన్ చాలా ముఖ్యం, ట్రేస్ చదివే టూల్స్ ఒక స్టేట్ ఎక్కడ ముగిసిందో దీన్ని బట్టే తెలుసుకుంటాయి అని ఆ పేజీ ప్రత్యేకంగా చెబుతుంది.

మన హాస్టల్ గేటు దగ్గర రిజిస్టర్ గుర్తు తెచ్చుకోండి. అవుట్ టైమ్ అందరూ రాస్తారు, లేకపోతే వాచ్‌మన్ వదలడు. ఇన్ టైమ్ రాయకపోతే మనిషి ఎంతసేపు బయట ఉన్నాడో ఎవరూ చెప్పలేరు. ఇక్కడా అంతే. ఒక కోర్ 105.002 సెకన్ల దగ్గర స్టేట్ 3లోకి వెళ్ళి, 105.006 దగ్గర ఈ పొడుగు సంఖ్య పడిందనుకోండి. తీసివేస్తే 4 మిల్లీసెకన్లు. రెండో లైన్ లేకపోతే మొదటి లైన్ ఎందుకూ పనికిరాదు.

ఇంతవరకూ నాకు బాగానే అర్థమైంది. ఇంగ్లీష్‌లోనే నోట్స్ రాసి గ్రూప్‌లో పెట్టాను. అప్పుడు మా టీమ్‌లో లాటరల్ ఎంట్రీ ఫ్రెండ్ ఒక ప్రశ్న వేశాడు. వాడు పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత పాలిటెక్నిక్, ఈసెట్ రాసి సెకండియర్‌లో మాతో కలిశాడు. మల్టీమీటర్ చేతికిస్తే మా అందరికంటే ముందుంటాడు, ప్రెజెంటేషన్ అంటే మాత్రం చివరి బెంచీ. ఈ ప్రాజెక్ట్‌లో కూడా "ప్రింటౌట్లు, బైండింగ్ నేను చూస్కుంటా రా" అని ముందే పక్కకు జరిగిపోయాడు.

వాడు అడిగింది ఇది: "సస్పెండ్ అన్నా నిద్ర అంటున్నావు, ఐడిల్ అన్నా నిద్ర అంటున్నావు. రెండూ ఒకటేనా?"

ఒకటి కాదు. ల్యాప్‌టాప్ మూత వేస్తే జరిగేది మొత్తం ఇంటి నిద్ర: ప్రోగ్రామ్‌లు ఆగిపోతాయి, పరికరాలు ఆగిపోతాయి. వాటిని ఎస్-స్టేట్లు అంటారు. ఐడిల్ అలా కాదు. మనం ఒక అక్షరం టైప్ చేసి ఇంకో అక్షరం కోసం వెతుక్కునే లోపల ఒక కోర్ అనేకసార్లు ఆగి లేస్తుంది. అవి సి-స్టేట్లు. ఇంగ్లీష్‌లో రాస్తున్నంతసేపూ ఆ పేర్లు అలాగే దించేస్తే సరిపోయింది. తెలుగులో వాడికి చెప్పాల్సి వచ్చేసరికి రెండు మాటలు కావలసి వచ్చాయి. మనకి ఉన్నాయి కూడా. ఒకటి నిద్ర, ఇంకోటి కునుకు. బస్సులో కిటికీకి తల ఆనించి తీసేది కునుకు, బెల్ కొడితే లేస్తాం. గాఢంగా పడితే లేవడానికి ఇంకాస్త టైమ్ పడుతుంది. సి-స్టేట్లలోనూ లోతు పెరిగే కొద్దీ కరెంటు ఆదా ఎక్కువ, తేరుకోవడానికి పట్టే సమయమూ ఎక్కువ. అందుకే రాబోయే ఖాళీ ఎంతసేపు ఉంటుందో కెర్నల్ అంచనా వేసుకుని, దానికి తగిన లోతు ఎంచుకుంటుంది.

ఆ రాత్రి నోట్స్ మొత్తం తెలుగులో మళ్ళీ రాశాను. కెర్నల్ డాక్యుమెంటేషన్‌కి చైనీస్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ అనువాదాల ఫోల్డర్లున్నాయి, తెలుగుది లేదు. నేను అంత దూరం ఆలోచించలేదు. ఒక్కడు చదివితే చాలనుకున్నాను.

తెలుగులో రాస్తే మరో మేలు జరిగింది. అర్థం కాని చోట దాటేసి పోవడం కుదరలేదు. స్టేట్ 3 అంటే సి3 అనుకోవడం సహజం. కానీ ఆ 3 వరస సంఖ్య మాత్రమే. ఆ మెషీన్‌లో దాని అసలు పేరేమిటో సీపీయూ ఐడిల్ ఫోల్డర్‌లో స్టేట్ 3 కింద 'నేమ్' అనే ఫైల్ చూసి తెలుసుకోవాలి. తేరుకోవడానికి పట్టే సమయం పక్కనే 'లేటెన్సీ' ఫైల్‌లో మైక్రోసెకన్లలో ఉంటుంది. ఇంకోటి: ట్రేస్‌లో పడేది కెర్నల్ అడిగిన కునుకు. హార్డ్‌వేర్ నిజంగా అంత లోతుకి వెళ్ళిందా అన్నది వేరే సంగతి, దానికి ప్రాసెసర్‌లోని కౌంటర్లు చూడాలి. మరోటి: ట్రేస్ నడుస్తుండగా దాన్ని స్క్రీన్ మీద గలగలా పారిస్తూ చూడకూడదు. ఆ చూపించే పనే కోర్‌లని లేపుతుంది. మెమరీలో పడనిచ్చి, ఆపాక తీరిగ్గా చదవాలి.

మర్నాడు వాడు ఆ పేజీ ముందు పెట్టుకుని ట్రేస్ తీశాడు. గంట తర్వాత వచ్చి, "లేచిందని రాశావు సరే, లేపిందెవరు?" అన్నాడు. అది పవర్ ఈవెంట్లలో దొరకదు. టైమర్, ఇంటరప్ట్, షెడ్యూలర్ ఈవెంట్లు కూడా ఆన్ చేసి, కోర్ లేచిన క్షణానికి దగ్గర్లో ఏం పడిందో చూడాలి. ఇద్దరం కూర్చుని చూశాం. డెస్క్‌టాప్ ప్యానెల్ మీద కదులుతూ ఉండే ఒక చిన్న గ్రాఫ్, ఎవరూ చూడకపోయినా తనని తాను గీసుకోవడానికి మళ్ళీ మళ్ళీ లేపుతోంది. కనిపెట్టింది వాడు. వైవాలో ఆ భాగం చెప్పిందీ వాడే, సగం తెలుగులో. సార్ ఆపలేదు.

డాక్యుమెంటేషన్ విలువ ఎంతో చెప్పే పాత సంగతి ఒకటి అప్పుడే చదివాను. 2011లో కెర్నల్ నుంచి బిగ్ కెర్నల్ లాక్ అనే పాత తాళాన్ని పూర్తిగా తీసేశారు. దానికి సంబంధించిన ఒక ఫీల్డ్ ప్రతి ట్రేస్ ఎంట్రీలోనూ ఉండేది, ఇక అవసరం లేదని దాన్నీ తీశారు. దాంతో ఇంటెల్ వాళ్ళు తయారుచేసిన పవర్‌టాప్ అనే టూల్ పాడైంది. ఆ ఫీల్డ్‌ని పవర్‌టాప్ వాడనే వాడదు. కానీ మిగతా ఫీల్డ్‌లు ఫలానా చోట ఉంటాయని అప్పట్లో లెక్కగట్టి చదివేది, ఆ చోట్లు జరిగిపోయాయి. అప్పటికి ఏం చేశారో తెలుసా? తీసేసిన ఫీల్డ్ స్థానంలో అంతే సైజు ఖాళీ పెట్టారు. పరీక్ష హాల్లో ఒకడు రాకపోయినా వాడి బల్ల అలాగే వదిలేసినట్టు.

రాసిపెట్టిన మాట మీద, రాయకపోయినా కంటికి కనిపించే వరస మీద, ఎక్కడో ఎవరో ఒక టూల్ కట్టేసుకుంటారు. ఇక అది మాట ఇచ్చినట్టే. మనం బైండింగ్ చేయించే ఎనభై పేజీలు ఎవరికీ మాట ఇవ్వవు, అందుకే వాటిలో ఏం రాసినా చెల్లుతుంది. ఆ చిన్న కెర్నల్ పేజీలో ఒక్క సంఖ్య తప్పు పడితే, దాన్ని నమ్మిన గ్రాఫులన్నీ తప్పుతాయి.

మా తెలుగు పేజీ ఇప్పుడు ల్యాబ్‌లో ఉంది. పైన ఏ కెర్నల్ వెర్షన్‌లో, ఏ తేదీన చేసి చూశామో రాశాం. క్లాక్‌లు, పవర్ డొమైన్ల భాగం ఖాళీగా వదిలాం. మా ల్యాప్‌టాప్‌లో ఆ ఈవెంట్లు మాకు పడలేదు, పడనివాటి గురించి రాయదలచుకోలేదు. ఆర్మ్ బోర్డు చేతిలో ఉన్న జూనియర్లు ఎవరైనా ట్రేస్ తీసి, చూసింది చూసినట్టు నింపండి. తేదీ వేయడం మర్చిపోవద్దు.