తెగిన పోగు

మా ఇళ్లలో మడికి పట్టుబట్టే కట్టాలి. ఉల్లిపాయ తరిగిన కత్తిపీటని వంటింటి గడప దాటనివ్వని మా మేనత్త, పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుంటూ దేవుడి ముందు కూర్చునేది. ఆ చీర కోసం వేల పురుగులు మరిగే నీళ్లలో పోయాయని ఎవరైనా చెప్పినా, "చాల్లే నీ వేదాంతం" అనేసేది.

ఒకప్పటి రాష్ట్రపతి ఆర్. వెంకటరామన్ గారి భార్య జానకి గారికి మాత్రం ఆ వేదాంతం పట్టింది. పురుగుని చంపని పట్టు దొరుకుతుందా అని ఆవిడ రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కో వాళ్లని అడిగారు. అక్కడ పనిచేసే కుసుమ రాజయ్య గారి మనసులో ఆ మాట నాటుకుపోయింది. ఆయనది వరంగల్ జిల్లా, పుట్టింది చేనేత ఇంట్లో.

పట్టుపురుగు మల్బరీ ఆకు మేసి, తన చుట్టూ తానే గూడు అల్లుకుంటుంది. ఒక్కో గూట్లో దారం తెంపు లేకుండా వెయ్యి మీటర్ల దాకా ఉంటుంది. పురుగుకి రెక్కలొచ్చి, గూడు తొలుచుకుని బయటపడిందా, ఆ దారం ముక్కలే. అందుకే అది రాకముందే గూడుని ఉడకేస్తారు. రాజయ్య గారు వారం పది రోజులు ఆగమన్నారు. పురుగు వెళ్లిపోయాక, చిల్లుపడ్డ గూళ్లని దూదిలా వడికించారు. ఆ అహింసా పట్టుకి 2006లో పేటెంటు వచ్చింది.

జాలి ఉంటే పట్టు మానేయొచ్చు, అది ఎవరైనా చేస్తారు. ముక్కలైన దారం పనికొస్తుందని తోచడానికి మాత్రం మగ్గం ఉన్న ఇంట్లో పెరగాలేమో. పడుగులో పోగు తెగితే అక్కడ ఎవరూ బట్ట పారేయరు. రెండు కొసలూ వెతికి పట్టుకుని, వేళ్ల మధ్య మెలిపెట్టి అతికేస్తారు. పిల్లలు ఆ పని చూస్తూనే పెద్దవాళ్లవుతారు.

ఇంగ్లండులో ఫ్యాషన్ డిజైనర్ స్టెల్లా మెకార్ట్నీ కథ ఇంకోలా నడిచింది. ఆవిడ బీటిల్స్ బృందంలోని పాల్ కూతురు. అమ్మానాన్నలిద్దరూ శాకాహారులు, పెరిగింది పశువుల మధ్య, ససెక్స్ పల్లెలో. 2001లో సొంత సంస్థ పెట్టింది మొదలు తోలు, బొచ్చుతోలు, ఈకలు ముట్టలేదు. పట్టూ ఉన్నీ మాత్రం వాడుతుంది. నాకది తప్పనిపించదు. ససెక్స్ పొలాల్లో పట్టుపురుగులు ఎక్కడ కనబడతాయి? ఎవరి జాలికైనా వాళ్లు పెరిగిన పెరడే ఎల్ల.

ఇక తోలుకి బదులొచ్చే సరుకులో చాలా మటుకు ప్లాస్టిక్కే. ఆవు బతికింది సరే, మట్టి మాటేమిటి? అహింసా పట్టు మీదా ఆక్షేపణ ఉంది. తరతరాలుగా మనిషి పెంపకంలో పడి ఆ పురుగు ఎగరడం మరిచిపోయింది. రెక్కలొచ్చాక మేత ముట్టదు, గుడ్లు పెట్టి నాలుగు రోజుల్లో పోతుంది. ఆ మాత్రానికా ఇంత హంగామా అంటారు. ఆ నాలుగు రోజులూ దానివే కదా, మనకేం పోయింది?

పోయేదల్లా కాస్త మెరుపు. వడికిన నూలు కాబట్టి అక్కడక్కడ ఉండ తగులుతుంది, నిగనిగ తగ్గుతుంది, ఒంటికి మెత్తగా ఉంటుంది. ఆ మెత్తదనం చేత్తో తడిమితేనే తెలుస్తుంది. పెళ్లిచీరలు కొనేటప్పుడు మనం చూసేది లైటు కింద పరిచిన చీరని, అదీ రెండు గజాల దూరం నుంచి.