ఆపే బండి, మన తలఫ్ఫుజ్

పోయిన నెల ఒక జుమేరాత్ పొద్దున, ఫజ్ర్ అవ్వగానే బేటాను వెంటేసుకుని ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. మర్నాడు మా ఆపా ఇంట్లో దావత్. మచ్ఛీ నా జిమ్మా. జెట్టీ దగ్గర బోట్లు వరసగా ఆగి ఉన్నాయి. ఐసు పొడి చేసే మిషన్ల మోత, చేపల పాట పాడేవాళ్ళ కేకలు, కాకుల గోల. రెండు పెద్ద కోనాలు, ఒక తట్ట రొయ్యలు తీసుకునేసరికి నా స్కూటర్ మీద పట్టవని తేలిపోయింది. స్కూటర్ అక్కడే తెలిసినవాళ్ళ దగ్గర వదిలి ఆటో వెతుక్కున్నాం.

ఒక అన్న చెయ్యి ఊపాడు. "రండి బాబూ, మన ఆపే ఉంది. ఎంతైనా పట్టేస్తాది."

వెనక అప్పటికే నలుగురు చేపలమ్మే అమ్మలు గిన్నెలతో కూర్చుని ఉన్నారు. నేనూ బేటా ముందు, డ్రైవర్ పక్కన ఇరుక్కున్నాం. ఇరవై ఏళ్ళుగా పేపర్లో పరాయివాళ్ళ వాక్యాలు దిద్దుతున్నవాణ్ణి. నోరు ఊరుకోలేదు.

"ఆపే కాదన్నా. ఏప్. ఇంగ్లీషులో ఏప్ అంటే కోతి."

వెనక అమ్మలు పగలబడి నవ్వారు. "ఏటే, ఇన్నాళ్ళూ మనం కోతి మీద తిరిగేమా!" బేటా కూడా నవ్వాడు. ఆ అన్న మాత్రం నవ్వలేదు. "సదుంకున్నోళ్ళు, మీకే తెలుస్తాది బాబూ" అని రోడ్డు మీదే చూపు పెట్టాడు. అంతవరకూ ఏ బోటు ఎంత చేప తెచ్చిందో గలగలా చెప్తున్న మనిషి, మా గల్లీ వచ్చేదాకా మళ్ళీ నోరు విప్పలేదు.

మా బేటాకి కార్ల పిచ్చి. పద్నాలుగేళ్ళు. గోడ నిండా ఎర్ర కార్లు, పసుపు కార్లు. ఆ రాత్రి ఫోన్ పట్టుకుని నా పక్కకొచ్చాడు. "అబ్బూ, ఆపే ఇటలీ బండి. ఇటలీవాళ్ళు ఎలా అంటున్నారో విను." ఒక ఇటలీ గొంతు తీరిగ్గా పలికింది. ఆ, పె. రెండోసారి, మూడోసారి కూడా అదే. ఆపె.

"ఆ అంకులే సహీ అబ్బూ. నువ్వే గలత్."

ఇటాలియన్‌లో ఆపె అంటే తేనెటీగ. వెస్పా అంటే కందిరీగ. రెండూ పియాజియో కంపెనీవి. యుద్ధం దాకా ఆ కంపెనీ విమానాలు చేసేది. యుద్ధం అయ్యాక, జనానికి తక్కువ ఖర్చులో తిరిగే బండి కావాలని 1946లో వెస్పా తెచ్చారు. దాన్ని గీసిన కొరాదీనో దాస్కానియో విమానాల ఇంజనీరు. రెండేళ్ళకి, 1948లో, అదే వెస్పాకి వెనక రెండు చక్రాలు వేసి, సామాన్ పెట్టుకునే తొట్టి కట్టి ఆపె అన్నారు. తేనెటీగ కామ్‌కాజీ పురుగు కదా, రోజంతా మోస్తూనే ఉంటుంది. 1990ల ఆఖర్లో అది మహారాష్ట్రలోని బారామతి కార్ఖానా నుంచి మన రోడ్ల మీదికొచ్చింది. మన దగ్గర అమ్మే బండి మీద పేరులో ఆఖరి 'ఈ' అక్షరం నెత్తిన చిన్న వాలు గీత ఉంటుంది. ఇటలీవాళ్ళకి ఆ గీత అక్కర్లేదు. ఇంగ్లీషు చదివిన నాలాంటివాడు కోతి అని చదివే ప్రమాదం ఉన్నచోటే దాని అవసరం. నేను ఆ గీత పక్కనే కూర్చుని కూడా కోతి అన్నాను.

ఆ గీత చూస్తే నాకు నుక్తా గుర్తొచ్చింది. ఉర్దూ బడిలో మా ఉస్తాద్ నుక్తా విషయంలో బహుత్ సఖ్త్. రే మీద ఒక్క చుక్క పెడితే జే అవుతుంది, మరిచిపోతే లఫ్జే మారిపోతుంది. ప్రతి హర్ఫ్‌కీ ఒక మఖ్రజ్ ఉంది, అది పుట్టే చోటు నుంచే దాన్ని పలకాలి, అది ఆ హర్ఫ్ హక్ అనేవారు. ఆ హక్ ఇచ్చీ ఇచ్చీ అలవాటైన నాలుకతో డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. మొదటి వారమే లెక్చరర్ పాఠం చదవమని నిలబెట్టారు. ఉర్దూలో ళ లేదు, ణ లేదు. 'ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి' అని ఉంటే 'ఆమె కల్లు' అని చదివాను. క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది. సాయిబుల పిల్లాడు కల్లు అన్నాడని ఏడాదంతా చెప్పుకున్నారు. ఆ రోజు కూర్చున్నాక నేను కూడా ఆ అన్నలాగే కిటికీలోంచి రోడ్డు వైపే చూశాను.

ఆ రాత్రి నాకు నింద్ పట్టనిది ఇందుకే. ఆ షర్మ్ ఎలా ఉంటుందో ఎరిగినవాణ్ణి. నలుగురు ఆడవాళ్ళ ముందు, తన బండి మీద, తన బండి పేరే తనకు తెలీదన్నట్టు మాట్లాడాను. పైగా గల్తీ నాది. డెస్క్ మీద కూర్చుని పల్లెటూళ్ళ విలేకర్లు 'ఆపే ఆటో బోల్తా' అని రాసి పంపితే ఎన్నిసార్లు 'ఏప్ ఆటో' అని దిద్దానో అల్లాకే ఎరుక.

తర్వాత రెండు రాత్రులు మేం బాప్ బేటాలం ఇటలీ బండ్ల పేర్లన్నీ ముందేసుకున్నాం. నాకు తెలిసొచ్చిందేమిటంటే, ఆ పేర్లు ఇంగ్లీషు దారిలో వచ్చి మన నోట్లో చెడిపోయాయి. నేరుగా వచ్చి ఉంటే మనకి వాటితో తక్లీఫే ఉండేది కాదు. మన ఇళ్ళలో కార్ల పిచ్చి ఉన్న పిల్లలకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఇటాలియన్‌లో ట లేదు, డ లేదు. త, ద. నాలుక పళ్ళకి తగలాలి. కనుక మసెరాటీ కాదు, మజెరాతి. ఆ జ కూడా మన ఉర్దూ జే, జీమ్ కాదు. రెండు అచ్చుల మధ్య సకారం అక్కడ జే అయిపోయింది. తెలుగు త, ఉర్దూ జే రెండూ తెలిసినవాడికి ఈ పేరు వెన్నముద్ద. డుకాటీ కాదు, దుకాతి. బుగాటీ కాదు, బుగాత్తి. బుగాత్తి ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్న ఊళ్ళో పుట్టిన కంపెనీయే గానీ, పెట్టిన ఎత్తోరె బుగాత్తి మిలాన్‌లో పుట్టినవాడు.

రెండోది, జంట హల్లు. ఇటలీవాళ్ళు రెండు హల్లులు రాస్తే రెండూ పలుకుతారు. మనకి తెలుగులో వత్తు ఉంది, ఉర్దూలో తష్దీద్ ఉంది. ఫెరారీ కాదు, ఫెర్రారి. మా అబ్బా కాలంలో వీధుల్లో తిరిగిన లాంబ్రెటా అసలు లాంబ్రెత్తా.

మూడోది, ఆఖరి 'ఈ' అక్షరం ఎప్పుడూ గూంగా కాదు. ఇంగ్లీషులోలా మింగేస్తే కుదరదు. మజెరాతి వాళ్ళదే ఒక కారు క్వాత్త్రోపోర్తె, అంటే నాలుగు తలుపులు. ఆపె కూడా ఈ ఖానాలోదే.

నాలుగోది కాస్త తిరకాసు. ఇంగ్లీషు 'సి', 'జి' అక్షరాల పక్కన 'ఐ' గానీ 'ఈ' గానీ వస్తే వాటిని చ, జ అని పలుకుతారు. అలా కాకుండా క, గ అనిపించాలంటే మధ్యలో 'హెచ్' పెడతారు. లంబోర్‌గీని పేరులో 'హెచ్' ఉన్నది అందుకే, అది గ అని చెప్పడానికి. ఘ అని ఊపిరి వదలక్కర్లేదు. ఆ 'ఐ' తర్వాత ఇంకో అచ్చు వస్తే 'ఐ' ఉత్త ఇషారా, దాన్ని పలకరు. పియాజియో అక్కడ ప్యాజ్జో. లాన్సియా కాదు, లాంచా. ఆ కారు కంపెనీ పెట్టిన విన్చెన్జో లాంచా ఇంటిపేరు అది. ఇటాలియన్‌లో లాంచా అంటే బల్లెం, చిన్న పడవ కూడా. ఇది చదివి బేటా ఎగిరి గంతేశాడు. "అబ్బూ, హార్బర్‌లో వాళ్ళనే లాంచీ!"

తెలుగుని తూర్పు దేశాల ఇటాలియన్ అంటారని డిగ్రీలో చదివాను. మాటలు అచ్చుతో ముగుస్తాయని. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ అన్న ఆ పాఠం చదవలేదు. కంటికి కనిపించిన అక్షరాలని తెలుగు నాలుకతో పలికాడు, ఇటలీకి నేరుగా చేరిపోయాడు.

అలాగని ఫియట్ అనేవాళ్ళందరినీ ఫియత్ అనమని వెంటపడమని కాదు. 1899లో తొరీనో నగరంలో పెట్టిన ఆ కంపెనీ పేరు బొంబాయి పద్మినీ టాక్సీల నాటికే మన మాట అయిపోయింది. మా అబ్బా ఆఖరి దాకా ఫియట్ అనే అన్నారు. ఆయన్ని ఎవరూ దిద్దనందుకు నాకిప్పుడు సంతోషంగా ఉంది.

ఆదివారం ఫజ్ర్ తర్వాత మళ్ళీ ఇద్దరం హార్బర్‌కి వెళ్ళాం. దర్గా కొండ మీద అప్పుడే వెలుగు పడుతోంది. బండి నంబరు నేను చూసుకోలేదు, బేటా చూసుకున్నాడు. గంట వెతికితే ఐసు మిషన్ వెనక చాయ్ తాగుతూ కనిపించాడు.

"అన్నా, మొన్న నేను తప్పు చెప్పాను. మీరన్నదే సహీ. అది ఆపె. తేనెటీగ అని అర్థం. అందరి ముందు అన్నాను కాబట్టి అందరి ముందే మాఫీ అడగడానికొచ్చాను" అన్నాను. ఆ రోజు ఉన్న అమ్మల్లో ఒకరు అక్కడే గిన్నె దించుకుంటున్నారు.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "దీనికోసం ఇంత దూరం ఒచ్చేరా? తేనెటీగో కోతో నాకేటి తెలుసు బాబూ. సెయ్యెత్తితే ఆపే బండి కాబట్టి ఆపే అనుకున్నాను." ఆ అమ్మ మళ్ళీ నవ్వింది. ఈసారి ఆయనా నవ్వాడు. మాకు చాయ్ చెప్పాడు. డబ్బులు ఇవ్వబోతే ఒప్పుకోలేదు.

వచ్చేస్తుంటే నా పేరు అడిగాడు. చెప్పాను. నా పేరులో ఒక ఖే, ఒక జే ఉన్నాయి. ఇక్కడ రాయను, రాస్తే మీరూ తప్పే చదువుతారు, ఆ రెంటికీ తెలుగులో అక్షరం లేదు. పేపర్లో నా పేరు పడ్డ ప్రతిరోజూ అది సగం నా పేరే. చిన్నప్పటి నుంచీ ఎవరేమన్నా పలికేస్తూ వచ్చాను, దిద్దలేదు.

ఆయన ఒకసారి అన్నాడు. నా మొహం చూసి, "నేదు, తప్పన్నానా? ఇంకోపాలి సెప్పండి" అన్నాడు. చెప్పాను. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. మూడోసారికి ఖే దాదాపు వచ్చింది, జే రాలేదు. "ఈపాలి ఒచ్చినప్పుడు సరిగ్గా అంటాను" అని ఆపే తాళం తిప్పాడు.