సైకిలెక్కిన కూతురికి ఏమివ్వాలి?

మా ఇంట్లో పుట్టినరోజు కానుక కొనడం ఏనాడూ పెద్ద పని కాదు. ఆడపిల్లకి చీరో, చిన్న బంగారు వస్తువో. మగపిల్లాడికి వాచీయో, చొక్కా గుడ్డో. మా నాన్నగారు నాకిచ్చిన అతి పెద్ద బహుమతి 1974లో కొనిపెట్టిన సెకండ్ హ్యాండ్ హెర్క్యులిస్ సైకిలు. దాని మీదే బెంగుళూరులో ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీకి వెళ్ళొచ్చాను. వెనక క్యారియర్ మీద టిఫిను డబ్బా. ఆదివారాల్లో ముందు కడ్డీ మీద తువ్వాలు చుట్టి, మా అమ్మాయిని కూర్చోబెట్టుకుని సంతకు వెళ్ళేవాణ్ణి. ఇంత సైకిలు చరిత్ర ఉన్నవాణ్ణి, సైకిలు పిచ్చి పట్టిన ఆ కూతురికి ఏం కొనాలో తెలియక తికమకపడ్డానంటే మీకు నవ్వొస్తుంది. నాకూ ఇప్పుడు నవ్వే వస్తోంది కానీ, అప్పుడు రాలేదు.

మా అమ్మాయి కంప్యూటర్ల కంపెనీలో పని చేస్తుంది. 2020లో ఇంటి నుంచే పని మొదలయ్యాక గేర్ల సైకిలొకటి కొన్నది. మొదట నంది కొండ దాకా వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేసేది. తర్వాత రాత్రి బయట బస చేసి రావడం మొదలుపెట్టింది. దీన్ని 'బైక్‌ప్యాకింగ్' అంటారట. కావలసిన బట్టలు, పక్క, వంటసామాను, మరమ్మతు సామాను అన్నీ సైకిలుకే సంచుల్లో కట్టుకుని, పెద్ద రోడ్లు వదిలేసి పల్లెదారులు, మట్టిదారులు పట్టి రోజుల తరబడి తిరగడమన్నమాట.

పేరు కొత్తగా వినిపించినా పని కొత్తది కాదు. 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ళ మీద ప్రపంచయాత్రకు బయలుదేరారు. వారిలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగారా అనే ముగ్గురు 1928లో యాత్ర పూర్తి చేసుకుని తిరిగి వచ్చారు. ఈ కబురు మా అమ్మాయే చెప్పింది. "చూశావా నాన్నా, మన దేశంలో నూరేళ్ళ నాటి పని ఇది" అంది. "వాళ్ళ నాన్నల్ని ఎవరైనా అడిగారా?" అన్నాను నేను.

మొదటి తప్పు ఆ ఏడాది డిసెంబరులో, తన పుట్టినరోజున జరిగింది. ప్రయాణాలు చేసే పిల్ల కదా అని వీపుకు తగిలించుకునే పెద్ద సంచీ కొన్నాను. మంచి ఖరీదే. బోలెడు అరలు. "భలే ఉంది నాన్నా" అంది. జనవరిలో లేపాక్షి వెళ్ళొస్తానని దాని నిండా సర్దుకుని, దొడ్డబళ్ళాపురం దారిన బయలుదేరింది. గౌరీబిదనూరు నుంచి ఫోను. "వేళ్ళు తిమ్మిరెక్కాయి నాన్నా, బ్రేకు పట్టు దొరకడం లేదు" అని. పక్కింటివారి కారు అడిగి తీసుకుని వెళ్ళి ఎక్కించుకొచ్చాం. చిటికెన వేలు, ఉంగరపు వేలు వారం దాకా సరిగా వంగలేదు. "రోడ్డు బాగాలేదు" అంది. నేను ఏడాదిపాటు ఆ రోడ్డునే తిడుతూ వచ్చాను.

రెండో తప్పు మరుసటి ఏడు. వీపు సంచీ అటకెక్కిందని గమనించి, ఈసారి నా అనుభవమంతా ఉపయోగించాను. అసలు సిసలు స్టీలు క్యారియర్ తెచ్చాను, నా హెర్క్యులిస్‌కి ఉండేలాంటిదే. మనిషిని కూర్చోబెట్టినా వంగదు. తీరా చూస్తే దాని సైకిలుకి క్యారియర్ బిగించే రంధ్రాలే లేవు. అమ్మాయి ఏమీ అనలేదు. నవ్వి, థాంక్స్ చెప్పి, అటక మీద సంచీ పక్కన పెట్టింది.

2022 దీపావళి వెళ్ళాక ఒక రాత్రి మా ఆవిడ మెల్లగా అంది: "ఏవండీ, అమ్మాయి సంక్రాంతి తర్వాత పెన్న వెంబడి సముద్రం దాకా వెళ్తుందట."

"నాకు చెప్పలేదేం?"

కాసేపు ఊరుకుని అంది: "నాన్నకి చెబితే మళ్ళీ ఏదో ఒకటి కొంటాడమ్మా, తీసుకెళ్ళకపోతే బాధపడతాడు, తీసుకెళితే నా పని అయిపోతుంది అంది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రయాణం గురించి కాదు. నా కానుకకి భయపడి నా కూతురు నా దగ్గర మాట దాచింది. అంతకంటే నాకు గుచ్చుకున్నది ఆ ప్రయాణమే. పెన్న నందికొండల్లో పుడుతుంది. మొత్తం 597 కిలోమీటర్లలో మన కర్ణాటకలో నడిచేది 61 మాత్రమే. గౌరీబిదనూరు దాటి హిందూపురం వైపు ఆంధ్రలోకి దిగి, తాడిపత్రి, గండికోట, జమ్మలమడుగు, సోమశిల, నెల్లూరు మీదుగా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మా తాతగారిది జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డు పల్లె. ఆయన బతుకుతెరువు కోసం బెంగుళూరు వచ్చారు. మా నాన్నగారు ఏటా వెళ్ళేవారు. నేను రెండుసార్లు వెళ్ళాను. మా అమ్మాయి అసలు చూడలేదు. చూడ్డానికి వెళ్తూ నాకు చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే తను సైకిలు బాగుచేయించుకునే దుకాణానికి వెళ్ళాను. ఆ కుర్రవాడితో కన్నడంలో ఉన్నదున్నట్టు చెప్పి, "ఏం కొనాలో కాదు, ఏం కొనకూడదో చెప్పు" అన్నాను. వాడు స్టూలు వేసి గంటసేపు పాఠం చెప్పాడు.

వీపు మీద బరువు పెడితే అదంతా సీటు మీదికీ, చేతుల మీదికీ దిగుతుందట. అరచేతిలో చిటికెన వేలి వైపు నరం నొక్కుకుపోయి తిమ్మిరెక్కుతుందట. అప్పుడు నాకు గౌరీబిదనూరు రోడ్డు ఏ పాపం ఎరగదని తెలిసింది. అందుకే వీళ్ళు బరువుని సైకిలుకే పంచుతారు. పనిముట్లు, నీళ్ళు లాంటి బరువైనవి కడ్డీల మధ్య ముక్కోణపు సంచీలో. పక్కబట్టల్లాంటి తేలికవి చుట్టచుట్టి హ్యాండిలుకి. బట్టలు సీటు వెనక పొడుగు సంచీలో. లీటరు నీళ్ళే కిలో బరువు. కాబట్టి మిగతా ప్రతి వస్తువూ గ్రాముల్లో చూస్తారు. పళ్ళుతోముకునే బ్రష్షు పిడి సగానికి విరిచి తీసుకెళ్ళేవాళ్ళున్నారట!

"సీటు, బూట్లు, నిక్కరు ఎవరికి వారే చూసుకుని కొనుక్కోవాలి సార్, కానుకగా ఇవ్వకండి" అన్నాడు. ట్యూబు కొంటే చక్రం కొలత, టైరు వెడల్పు, వాల్వు రకం మూడూ కలవాలి. చైను తెగితే అతికే చిన్న లింకు ఉంటుంది, అదీ వెనక ఎన్ని పళ్ళచక్రాలుంటే దానికి తగ్గదే పనికొస్తుంది. గేరు యంత్రం వేలాడే చిన్న అల్యూమినియం ముక్క ఒకటుంది. సైకిలు పడితే ముందు వంగేది అదే. ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం, పల్లెటూళ్ళో చచ్చినా దొరకదు. "అది స్పేరు ఆమె దగ్గర లేదు సార్. చాలాసార్లు చెప్పాను, మరిచిపోతుంది." నేను వెంటనే అదే కొన్నాను, చైను లింకులు రెండింటితో సహా. అన్నీ కలిపి నా గుప్పిట్లో పట్టాయి. నేను కొన్న ఆ పెద్ద సంచీ ఖరీదులో పదో వంతు కూడా కాలేదు.

రెండో కానుక మా ఆవిడది. చెనిక్కాయ ఉండలు చిన్నవిగా, ఒక్కోటి ఒక్క నోటికి సరిపోయేలా చేసింది. పప్పుల పొడి పొట్లాలు కట్టింది. ఊరగాయ సీసా ఇస్తానంటే నేనే వద్దన్నాను. వంటింటి త్రాసు పక్కన పెట్టుకుని ప్రతిదీ తూచాను. "కూతురికి తిండి తూచి పెడతారా?" అని దెప్పింది కానీ, తర్వాత తనే సీసా తీసేసింది.

మూడో కానుక నేను రాసింది. మా అమ్మాయి ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడుతుంది. బడిలో కన్నడం నేర్చింది కనుక తెలుగు చదవలేదు. ఈ బాధ మీ ఇళ్ళలోనూ ఉండేదే. మా వీధిలో తెలుగు చెప్పించేవారు లేరు, నేను కూర్చోబెట్టి నేర్పిందీ లేదు. పల్లె బస్సు మీద, మట్టిదారి మలుపులో రాతి మీద, హోటలు బోర్డు మీద ఫోను సిగ్నలు లేనప్పుడు ఎవరు చదివి పెడతారు? అయితే కన్నడం వచ్చినవాళ్ళకి తెలుగు సగం వచ్చినట్టే. గ, జ, ర, ల వంటివి అక్కచెల్లెళ్ళే. క, త, న లాంటి కొన్నే వేరు. ఆపైన తలకట్టు తేడా. పోస్టుకార్డంత అట్ట మీద, ఒకవైపు తేడా ఉన్న అక్షరాలు పక్కపక్కన రాశాను. రెండోవైపు పెన్న వెంబడి ఊళ్ళ పేర్లు వరసగా, హిందూపురం నుంచి ఊటుకూరు దాకా. మధ్యలో మా పల్లె పేరు ఎర్ర సిరాతో. నీళ్ళకు తడవకుండా లామినేషన్ చేయించాను. అరవై ఏడేళ్ళ చేతిరాత, నాలుగుసార్లు తిరగరాశాను.

నాలుగోది కూడా ఒకటుంది. అది కొనేది కాదు. అంతకు ముందు తను ఎక్కడికి వెళ్ళినా గంటకోసారి ఫోను చేసేవాణ్ణి. చెయ్యి హ్యాండిలు మీద నుంచి తీస్తే గానీ ఫోను తీయలేదు కదా, ఆ ఆలోచనే నాకు రాలేదు. ఈసారి అట్ట చేతిలో పెడుతూ చెప్పాను: "రాత్రి బసకు చేరాక ఒక్కసారి నువ్వే చెయ్యి అమ్మలూ. పగలు నేను చెయ్యను." అమ్మాయి అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. ఎర్ర సిరా దగ్గర ఆగి, నెమ్మదిగా కూడబలుక్కుని ఊరి పేరు చదివింది. తర్వాత, "ఆ వీపు సంచీ గురించి నీకెవరు చెప్పారు?" అంది. "రోడ్డు చెప్పింది" అన్నాను.

2023 జనవరి చివర్లో బయలుదేరింది. తొమ్మిది రోజులు. మూడో రోజు పగలు నా చేయి ఫోను మీదికి పోతూ ఉంటే మా ఆవిడ దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. గండికోట దగ్గర సైకిలు పడి, ఆ అల్యూమినియం ముక్క నిజంగానే వంగిందట. కొత్తది బిగించుకుని సాగిపోయింది. ఆ రాత్రి ఫోనులో చెప్పి, "నువ్వు కొన్నవాటిలో పనికొచ్చింది ఇదే నాన్నా" అంది. తిట్టో మెప్పో తెలియలేదు. మెప్పుగానే తీసుకున్నాను.

ఊటుకూరు చేరి, నెల్లూరు నుంచి రైలెక్కి వచ్చింది. సంచులు విప్పుతూ అడుగునుంచి పాత చొక్కాలో చుట్టిందొకటి తీసి నా చేతిలో పెట్టింది. మా పల్లె దగ్గర పెన్నలో ఏరిన నున్నటి రాయి. వంటింటి త్రాసు మీద పెట్టి చూశాను. 410 గ్రాములు. బ్రష్షు పిడి విరిచి తీసుకెళ్ళిన పిల్ల, దీన్ని రెండు వందల కిలోమీటర్లకు పైగా మోసుకొచ్చింది.

మన పిల్లలు ఎక్కడెక్కడికో వెళ్తారు, ఏవేవో ఇష్టపడతారు. కానుక ఇచ్చేముందు వాళ్ళనే అడగండి. చెప్పకపోతే వాళ్ళ సైకిలు బాగుచేసేవాణ్ణి అడగండి. అటక మీది సంచీ, క్యారియరూ ఇంకా అక్కడే ఉన్నాయి, ఎవరికైనా పనికొస్తే తీసుకెళ్ళవచ్చు. రాయి మాత్రం మా దేవుడి గదిలో ఉంది.