నేను డెవలప్‌మెంట్ స్టడీస్ ఎందుకు తీసుకున్నానంటే...



డిగ్రీ రిజల్ట్స్ వచ్చినప్పటి నుంచి తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఒకటే అడుగుతున్నారు: "అక్కా, డెవలప్‌మెంట్ స్టడీస్ అంటే ఏంది? మేం తీసుకోవచ్చా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా. కొంచెం పొడుగుంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది బద్వేలు దగ్గర ఒక యానాది కాలనీ. నాయన ఏడాదిలో సగం ఇటుక బట్టీలో ఉంటాడు, మిగతా సగం తోటలకు కాపలా. అమ్మ కూలికి పోతుంది. నా బీఏ అయిపోయినప్పుడు నాయన ఒకటే మాట అన్నాడు: "బీఎడ్ చెయ్యి పాపా, టీచరమ్మవైతావు." మా మామ అయితే, "ఆ చదువు పేరే నేనెప్పుడూ ఇనలేదు. అది చదివితే ఏ ఆఫీసులో కూచుంటావు?" అన్నాడు. వాళ్ల మాటలో తప్పేం లేదు. అప్పు తీసుకుని బట్టీకి పోయే ఇంట్లో రెండేండ్ల చదువంటే రెండేండ్ల కూలి పోయినట్టే. ఈ లెక్క తెలియనోళ్లే "నీ మనసుకు నచ్చింది చదువు" అని సులువుగా చెప్తారు. నేను మీకు అట్ల చెప్పను.

అసలు ఈ సబ్జెక్టు ఏంది? రోడ్లెయ్యడం, పథకాలు నడపడం నేర్పే కోర్సు కాదు. ఆర్థికశాస్త్రం, రాజకీయాలు, సమాజశాస్త్రం, చరిత్ర అన్నీ కలిపి, కొందరు ఎందుకు వెనకబడ్డారు, వాళ్ల పేరు మీద జరిగే పనుల్లో నిజంగా ఏం జరుగుతోంది అని చూసే చదువు. వలస పాలన నుంచి దేశాలు బయటపడుతున్న కాలంలో ఇది పెరిగింది. ఇంగ్లండులో సస్సెక్స్ యూనివర్సిటీ దగ్గర 1966లో దీనికోసమే ఒక ఇన్‌స్టిట్యూట్ పెట్టారు.

మన పక్కనుండే దాంతోనే చెప్తా. పోరుమామిళ్ల చెరువు చూసే ఉంటారు. దానికి 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలేవి, రాకూడని ఆరు దోషాలేవి అని కూడా ఆ రాతి మీద చెక్కించారు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేండ్ల పని అని లెక్క రాశారు. గొప్ప పనే, ఇన్ని వందల ఏండ్లు రైతులకు నీళ్లిచ్చింది. కానీ రాజు పేరుతో మిగిలాడు, ఆ వెయ్యి మంది అంకెగా మిగిలారు. వాళ్లెవరు? యాడినుంచి వచ్చారు? చెరువు నిండినాక వాళ్లకు గుంట నేలైనా దక్కిందా? ఈ ప్రశ్నలు అడగడమే నా సబ్జెక్టు.

మన జాతుల సంగతి ఇంకో రకం. మనల్ని సర్కారు శ్రద్ధగా రాసుకున్న లిస్టుల్లో పాతది నేరస్థుల లిస్టు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకలోళ్లను, కొన్ని చోట్ల యానాదులను పుట్టుకతోనే దొంగలని రిజిస్టరులో ఎక్కించారు. వేలిముద్రలు, పోలీసు హాజరు, స్టువర్టుపురం, సిద్ధాపురం లాంటి సెటిల్‌మెంట్లు. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. ఇప్పుడు మనం లబ్ధిదారుల లిస్టులో ఉన్నాం. లిస్టు మారింది గానీ కలం మన చేతికి రాలేదు. నేను ఈ చదువుకు పోవడానికి అసలు కారణం ఇదే.

క్లాసులో మొదటి నెలల్లో నాకు ఒకటి అర్థమైంది. అక్కడ "ట్రైబల్" అంటే అడవి, కొండ, ఏజెన్సీ. జార్ఖండ్ గురించి చెప్తారు, అరకు గురించి చెప్తారు. మన రాష్ట్రంలో ఐదో షెడ్యూలు ప్రాంతాలు ఉత్తరాంధ్ర, గోదావరి ఏజెన్సీల్లోనే ఉన్నాయి. రాయలసీమలో ఒక్క ఊరు కూడా లేదు. కాబట్టి 1996 పెసా చట్టం మన గ్రామసభలకు వర్తించదు. 2011 జనాభా లెక్కల్లో కడప జిల్లాలో ఎస్టీలు వందకు ముగ్గురు కూడా లేరు. చెరువుకట్ట కింద కొన్ని ఇండ్లు, ఊరి చివర కొన్ని ఇండ్లు, ఇట్ల చెదిరిపోయి ఉన్నాం. ఓట్ల లెక్కలో చిన్నోళ్లం, పుస్తకాల్లో ఇంకా చిన్నోళ్లం.

రాబర్ట్ ఛాంబర్స్ అనే ఆయన 1983లో "రూరల్ డెవలప్‌మెంట్: పుటింగ్ ది లాస్ట్ ఫస్ట్" అనే పుస్తకం రాశాడు. అధికారులు, పరిశోధకులు పల్లెకు వస్తే తారురోడ్డు పక్కనుండే ఇండ్లే చూస్తారు, వానలు లేని కాలంలోనే వస్తారు, పెద్దమనుషులతోనే, మగోళ్లతోనే మాట్లాడి పోతారు, అందుకే అసలు పేదోళ్లు కనపడరు అంటాడు. అది చదివినప్పుడు మా కాలనీనే చూసి రాశాడేమో అనిపించింది. తారు ఆగిపోయే చోట జీపులూ ఆగిపోతాయి. మా ఇండ్లు ఆ తర్వాత మొదలవుతాయి.

డిసర్టేషన్‌కు నేను మా కాలనీనే తీసుకున్నా. "మరీ చిన్న శాంపిల్" అన్నారు. చిన్నదైనా లోతుగా చూస్తానని ఒప్పించా. మన పిల్లోళ్లు పదో తరగతి తర్వాత ఎందుకు ఆగిపోతున్నారు అని ఇల్లిల్లూ తిరిగి అడిగా. కాగితాల్లో కారణం "తల్లిదండ్రుల అశ్రద్ధ" అని ఉంటుంది. అడిగితే తెలిసింది వేరే. బిడ్డ వేరే జిల్లాలో బట్టీ దగ్గర పుడుతుంది, జనన ధ్రువీకరణ పత్రం ఉండదు. ఆధార్‌లో తేదీ అంచనాగా ఎక్కుతుంది. బడిలో ఇంటిపేరు ఇంకో రకంగా రాస్తారు. రెండూ కలవవు కాబట్టి కుల ధ్రువీకరణ పత్రం ఆలస్యం అవుతుంది. అది లేకుంటే స్కాలర్‌షిప్ అప్లికేషన్ ముందుకు పోదు. అప్పటికి కాలేజీ ఫీజు గడువు దాటిపోతుంది, పిల్లోడు నాయనతో బట్టీకి పోతాడు. ఇందులో అశ్రద్ధ యాడుంది? ఈ వరస మొత్తం ఒక్క కాగితం మీద గీసి చూపిస్తే నాయన చాలాసేపు దాన్నే చూసి, "ఇదంతా మా తప్పనే అనుకుంటాంటిమి గదా పాపా" అన్నాడు.

ఇంక మీ సంగతి. ముందు కష్టాలు చెప్తా. ఇంగ్లీషులో వారానికి వంద పేజీలు చదవాలి, మొదటి సెమిస్టర్ ఏడుపొస్తుంది. ఎక్కువ ఉద్యోగాలు ఎన్జీవోల్లో, రీసెర్చ్ ప్రాజెక్టుల్లో ఉంటాయి, చాలావరకు కాంట్రాక్టువే. ఇంటికి వెంటనే జీతం కావాలంటే బీఎడ్, నర్సింగ్ తీసుకోండి, అదేం తక్కువ పని కాదు. గ్రూప్స్ రాసేవాళ్లకు ఈ చదువు పనికొస్తుంది కానీ అది కోచింగ్ కాదు.

తీసుకోవాలనుకుంటే టిస్ ఉంది, సీయూఈటీ పీజీ రాయాలి. బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ ఉంది, వాళ్ల పరీక్ష వేరే, ఇంటి ఆదాయాన్ని బట్టి స్కాలర్‌షిప్ ఇస్తారు. ఐఐటీ గౌహతిలో, ఢిల్లీ అంబేడ్కర్ యూనివర్సిటీలో కూడా ఎంఏ ఉంది. కేంద్ర సంస్థల్లో మనకు 7.5 శాతం సీట్లు. కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు ఇంటి ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. ఒక జాగ్రత్త చెప్తా: 2018లో ఫీజు మినహాయింపు తీసేశారని టిస్ క్యాంపస్‌లలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు సమ్మె చేయాల్సి వచ్చింది. కాబట్టి ఏ సంస్థలోనైనా చేరేముందు హాస్టల్, మెస్ ఫీజులు ఎవరు కడతారు, స్కాలర్‌షిప్ రాకముందే కట్టాల్నా అని రాతపూర్వకంగా అడగండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పటి నుంచే సరిచేసుకోండి.

ఇంకా తేలకపోతే ఒక పని చేయండి. మీ తండాలోనో కాలనీలోనో అందరూ "మన ఖర్మ ఇంతే" అని వదిలేసిన ఒక విషయం పట్టుకోండి. రేషన్ కార్డు కావొచ్చు, ఇంటి పట్టా కావొచ్చు, ఉపాధి హామీ కూలి డబ్బులు కావొచ్చు. నలుగురిని అడిగి, ఎందుకు ఇట్లైంది అని తెలుగులోనే రెండు పేజీలు రాయండి. రాసినాక ఇంకో నాలుగు ప్రశ్నలు పుట్టి నిద్ర పట్టకపోతే, ఈ చదువు మీదే. ఆ రెండు పేజీలు నాకు పంపండి, తప్పకుండా చదువుతా.