వేడికి తప్పిన శ్రుతి

తెలుగు పండితుడికి హ్యాము రేడియోతో ఏమి పని అని అడిగేవారికి నేను చెప్పే సమాధానం ఒక్కటే: మోర్సు కోడు నాకు ఛందస్సు దారిన వచ్చింది. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. మోర్సులో చుక్క ఒక మాత్ర అయితే గీత మూడు మాత్రలు. ఆ ధైర్యంతోనే పరీక్ష నెగ్గాను. ఆ తరువాత పవర్ యాంప్లిఫయరు స్వయంగా కట్టుకోవాలనే దురాశ పుట్టింది. ఈ టపా దాని గురించీ, నేను తొందరపడి ఆడిన ఒక మాట గురించీ.

యాంప్లిఫయరుకు కావలసిన 811ఎ వాల్వులు రెండింటిని, నాకు గురుతుల్యులైన ఒక మిత్రులు తమ పెట్టెలోంచి తీసి ఇచ్చారు. పైసా పుచ్చుకోలేదు.

40 మీటర్ల బ్యాండులో యంత్రం బుద్ధిగా పనిచేసేది. 80 మీటర్లకు మారితేనే చిక్కు. ట్యూన్ కండెన్సరు గుబ్బను తిప్పుతూ, ప్లేటు కరెంటు మీటరు ముల్లు బాగా దిగిన చోట ఆపుతాము. అది అనునాద స్థానం. అక్కడ ఆపి మాట్లాడడం మొదలుపెడితే, నాలుగైదు నిమిషాలకే ముల్లు ఎగబాకేది. ఏరియల్‌కు చేరే శక్తి తగ్గేది. వాల్వుల ప్లేట్లు ఎర్రబారేవి. గుబ్బ కాస్త తిప్పితే అంతా సర్దుకొనేది. కాసేపటికి మళ్ళీ తప్పేది.

నేను వెనుకాముందు చూడకుండా ఆ మిత్రులకు ఫోను చేసి, "మీరిచ్చిన వాల్వులు నీరసించినవి కాబోలునండీ" అన్నాను. అవతల ఒక క్షణం మౌనం. "కావచ్చు మాస్టారూ, పాతవే కదా" అన్నారాయన.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్ఫై యేళ్ళకు పైగా పిల్లల పద్యాలు దిద్దినవాణ్ణి. గణభంగమైతే ఏ పాదంలో, ఏ గణం దగ్గర అని చూసేవాణ్ణే గాని పద్యమంతా కొట్టివేయలేదు. ఇక్కడ ఆ పాటి ఓర్పు ఏమైంది?

మరునాడు కాగితం తీసుకొని కూర్చున్నాను. మొదటిది, వాల్వు నీరసిస్తే గుబ్బ తిప్పినంత మాత్రాన బలం తిరిగి రాదు. నాకు ప్రతిసారీ వచ్చింది. రెండవది, ప్రతిసారీ కండెన్సరు పలకలను లోనికే తిప్పవలసి వచ్చింది. అంటే ఎక్కడో కెపాసిటన్సు తరుగుతున్నది. కాయిలు వేడికి వ్యాకోచిస్తే దాని ఇండక్టన్సు పెరిగి, గుబ్బను వెలుపలికి తిప్పవలసి వచ్చేది. కనుక కాయిలూ నిర్దోషి. మూడవది, 40 మీటర్లలో ఈ బాధ లేదు. 80 మీటర్లకు మార్చినప్పుడు మాత్రమే ట్యూన్ కండెన్సరుకు తోడుగా వచ్చి చేరేది ఏది? నేనే కొని అతికించిన 100 పికోఫారడ్ల పింగాణీ కండెన్సరు!

ప్లగ్గు పీకి, కొంతసేపు ఆగి, ఒక చేయి జేబులో ఉంచుకొని, పొడవైన కర్రకు కట్టిన ఎర్తు తీగను హైవోల్టేజి వద్ద తాకించాను. 1500 వోల్టులు నిలువచేసిన కండెన్సర్లు స్విచ్చి ఆపినా చంపగలవు. అటుపిమ్మట ఆ పింగాణీ బిళ్ళను వేలితో తాకితే చురుక్కుమన్నది.

కొనేటప్పుడు నేను చూసినది దాని వోల్టేజి ఒక్కటే. అది బేరియం టైటనేటు జాతి పింగాణీ. వేడెక్కిన కొద్దీ దాని కెపాసిటన్సు బాగా తరిగిపోతుంది. బైపాసు పనికి చాలును గాని, అనునాద వలయంలో దానికి చోటు లేదు. అక్కడ దాని గుండా ప్రవహించే రేడియో కరెంటు రెండు ఆంపియర్లకు చేరువ. అది కాగడం, విలువ తరగడం, శ్రుతి తప్పడం, నిరపరాధులైన వాల్వులు ఎర్రబారడం! దాని స్థానంలో ట్రాన్స్‌మిటర్ల కోసం చేసిన మైకా కండెన్సరు ఒకటి సంపాదించి పెట్టాను. అరగంట మాట్లాడినా ముల్లు కదలలేదు.

ఆ రాత్రే 80 మీటర్లలో ఆ మిత్రులను పిలిచి, దోషం నాదేనని, క్షమించమని అందరూ వింటుండగానే చెప్పాను. ఆయన నవ్వారు.

"నాకెందుకు మాస్టారూ? ఆ వాల్వులకు చెప్పండి."

స్వస్తి.